డాబాగార్డెన్స్ మేడ మీద టికెట్ల బాబాయి

మొన్న టికెట్ల బాబాయి పోయారు. పెద్ద వయసే. మంచాన పడి ఎవరిచేతా చేయించుకోలేదు. పెద్దకర్మ నాడు విశాఖ కంచరపాలెంలో వాళ్లింటి ముందు వేసిన టెంటు కింద కూర్చుంటే, వచ్చినవాళ్లలో సగంమంది ఆయనకి చుట్టాలు కారు. సింగపూర్‌లో వెల్డింగు పని చేసొచ్చినవాళ్లు, ఓడల్లో ఇంజన్ రూములో బతికినవాళ్లు, షార్జాలో ఏళ్ల తరబడి ఉండి వచ్చి గాజువాకలో ఇల్లు కట్టుకున్నవాళ్లు. ఒకరినొకరు ఎరగం. అయినా బంతిలో పక్కపక్కన కూర్చున్నాక కలిసిపోయాం. అందరికీ మొదటి విమానం టికెట్ రాసింది ఆయనే మరి.

పెరుగన్నం కలుపుకుంటూ నా పక్కాయన అన్నాడు: “దుబాయ్ ఎంత బాగుంటుందో చెప్పినవాళ్లు ఊరంతా ఉన్నారండి. అక్కడ ఏం బాధలుంటాయో ఎల్లేముందు కూర్చోబెట్టి చెప్పింది బాబాయి ఒక్కడే.”

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. నిజమే కదా. తిరిగొచ్చినవాళ్లం మేమంతా ఏం చెప్పాం? ఎత్తైన మేడల గురించి, నున్నటి రోడ్ల గురించి. మిగతాది మింగేశాం. అందుకని ఈసారి ఆ మిగతాదే రాద్దామని కూర్చున్నాను.

*

డాబాగార్డెన్స్‌లో సరస్వతీ పార్కుకి కాస్త ఇవతల, కళ్లజోళ్ల షాపు పక్కనుంచి ఇరుకు మెట్లు. పైన ఒకటే గది. గోడకి విమాన కంపెనీల క్యాలెండర్లు, బల్ల మీద చిన్న బొమ్మ విమానం, దానికి ఒక రెక్క విరిగితే గమ్ టేపు. బల్ల అద్దం కింద ప్రపంచ పటం, దాని మీద వరసగా విజిటింగ్ కార్డులు. ఆ కార్డుల వల్ల ఆఫ్రికా సగం కనిపించేది కాదు. డయల్ ఫోనుకి చిన్న తాళం. ఎవరైనా ఫోన్ చేసుకోవాలంటే ఆయన మొలతాడుకున్న తాళంచెవితో తీసి ఇచ్చేవారు.

అప్పటి టికెట్ అంటే చిన్న పుస్తకం. పేజీ వెనక ఎర్రటి కార్బన్ పూత. బాల్‌పెన్నుతో గట్టిగా అదిమి, పెద్దక్షరాల్లో ఆయన పేరు రాస్తుంటే బల్ల కదిలేది. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ పేజీ పనికిరాదు. అందుకని పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి నా చేత చదివించేవారు. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు తెలుసుగా. ఇంటిపేరు ముందా, వెనకా? పాస్‌పోర్టులో ఎలా ఉంటే టికెట్‌లో అచ్చం అలాగే ఉండాలి. ఇప్పుడు ఫోన్లో మనమే కొట్టుకుంటున్నాం కాబట్టి ఆ వేలు పెట్టించే మనిషి లేడు. పేరు తప్పు పడి ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేవాళ్లని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

టికెట్ చేతికిచ్చే ముందు ఆయన అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. “ఏటి నాయనా, పాస్‌పోర్టు ఆర్నెల్లకి తక్కువ లేదు కదా? ఖాళీ పేజీలున్నాయా? అక్కడ నిన్ను తీసుకెళ్లే మనిషి రాకపోతే ఏటి సేస్తావు? చేతిలో ఏ డబ్బుంది?” ఆఖరి రెండింటికీ చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. అప్పుడు కుర్చీ చూపించి, కింద టీ కొట్టు కుర్రాణ్ని కేకేసేవారు. ఆ టీ అయ్యేలోపు చెప్పాల్సినవన్నీ చెప్పేసేవారు.

ఇంకోటి కూడా. రిటర్న్ టికెట్ ఉన్నా, బయల్దేరడానికి 72 గంటల ముందు ఎయిర్‌లైన్స్ ఆఫీసుకి ఫోన్ చేసి “వస్తున్నాను” అని రీకన్ఫర్మ్ చేయాలి. చేయకపోతే సీటు ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. ఈ సంగతి ఆయన టికెట్ అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు గీసేవారు. ఇప్పటివాళ్లకి చెబితే నమ్మరు.

*

నా ఉద్యోగం ఓడల్లో కరెంటు పని. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా, తర్వాత అప్రెంటిస్, ఆ తర్వాత ఓడలు రిపేరు చేసే ఒక ప్రైవేటు కంపెనీ. ఓడ ఎక్కడ ఆగితే అక్కడికి మేం వెళ్లాలి. ఆల్టర్నేటర్ కాలిపోయిందనో, డెక్ మీద క్రేన్ మోటరు తిరగట్లేదనో మెసేజ్ వస్తుంది. ఓడకి రోజు ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఎవరికీ ఆగే ఓపిక ఉండదు. పొద్దున్న ఇంట్లో ఉప్మా తింటుంటే సాయంత్రం మెయిల్ రైలు ఎక్కమనేవారు.

చుట్టుపక్కలవాళ్లకి నేను ‘ఫారిన్ తిరిగేవాడు’. పెళ్లిళ్లలో నన్ను చూపించి మరీ చెప్పుకునేవారు. “సింగపూర్ చూశారా అన్నయ్యగారూ?” అంటే చూశానండీ. తువాస్‌లో యార్డు గేటు చూశాను. గేటు బయట క్యాంటీన్ చూశాను. రాత్రి రెండింటికి డాక్ లైట్ల కింద పడే వాన చూశాను. ఊరు చూడ్డానికి ఒక పూట మిగిలితే, ఆ పూట నిద్రపోయాను. తరచూ దేశాలు తిరిగేవాళ్ల బతుకులో ముప్పాతిక భాగం ఎయిర్‌పోర్టు కుర్చీలు, వ్యాను ప్రయాణాలు, ఒకేలా ఉండే హోటల్ గదులు. ఫొటోలో వచ్చేది మిగిలిన పావు.

దీన్ని ఏడుపుగా చెప్పట్లేదు. ఆ పావు భాగం కోసం మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను. కెన్యాలోని మొంబాసాలో లికోనీ ఫెర్రీ మీద జనంతోపాటు నిలబడి అవతలి ఒడ్డుకి వెళ్లడం ఇప్పటికీ కళ్లముందు ఉంది. సైకిళ్లు, కోళ్ల గంపలు, బడిపిల్లలు, లారీలు, అన్నీ ఒకే పంటు మీద. నడిచి ఎక్కేవాళ్లకి టికెట్ లేదు. అవతలికి దిగాక ఒక బండి మీద చపాతీ కాలుస్తున్న వాసన. అక్కడ కూడా దాన్ని చపాతీ అనే అంటారు.

ఆ మొంబాసా వెళ్లడానికి ముందు పడ్డ పాట్లు మాత్రం ఎవరూ అడగరు. కెన్యా లాంటి దేశాలకి వెళ్లి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా ఉండాలి. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థ దగ్గర క్యూలో నిలబడి వేయించుకున్నాను. పసుపు రంగు చిన్న పుస్తకం ఇస్తారు. టీకా వేసిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది, కాబట్టి రేపు విమానం అనగా ఇవాళ పరిగెత్తితే లాభం లేదు. ఆ పుస్తకం లేకుండా మన దేశంలో తిరిగి దిగితే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. ఇదివరకు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. 2016 నుంచి ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుందన్నారు. నా పాత పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది.

*

ప్రయాణానికి ముందు రోజు సూట్‌కేసు తూకం మా పేటలో ఒక పండగ. ఇప్పట్లా చేత్తో వేలాడదీసే కాటాలు లేవు. మల్కాపురంలో మా వీధి చివర పాత ఇనప సామాన్ల కొట్టు ఉండేది. సూట్‌కేసుని మా తమ్ముడు సైకిల్ వెనక పెట్టి అక్కడికి తోసుకెళ్లేవాడు. కొట్టువాడు తుప్పు రేకులు పక్కకి జరిపి, గోనె పరిచి, కాటా మీద పెట్టేవాడు. ఇరవై కిలోలు దాటితే మా అమ్మ అక్కడే మూత తీసి, ఏది తీయాలో తేల్చుకోలేక నిలబడిపోయేది. ఎప్పుడూ నా బట్టలే బయటికొచ్చేవి. ఆవకాయ సీసా మాత్రం కదిలేది కాదు.

ఆ సీసాకి చేసే కట్టుదిట్టం చూడాలి. మూత చుట్టూ గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద పురికొస, మొత్తం కలిపి ఒక పాత తువ్వాలులో. అయినా నూనె కారేది. నా తెల్ల చొక్కాల చేతుల మీద ఎర్ర మచ్చలతో పని చేసిన రోజులు చాలా ఉన్నాయి. తర్వాత్తర్వాత నేను పొడుల్లోకి దిగిపోయాను. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి. ఏ దేశంలోనైనా బియ్యం దొరుకుతుంది, పెరుగు కప్పు దొరుకుతుంది. ఈ రెండూ ఉండి చేతిలో పొడి ఉంటే వారం గడిచిపోతుంది. పచ్చళ్లు చేతి సంచిలో పెట్టుకుంటే నూనె ఉన్నవని సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, అది వేరే సంగతి.

బాబాయి దగ్గర గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఒక ప్రత్యేక ప్రశ్న ఉండేది. “మీ ఇంట్లో మసాలా పొడిలో గసగసాలు ఏస్తారా?” ఎదుటివాడు నవ్వేవాడు. ఆయన నవ్వేవారు కాదు. దుబాయ్, షార్జా ఉన్న ఎమిరేట్స్‌లో గసగసాలు నిషేధం. మత్తుమందు కిందే లెక్క. సింగపూర్‌లోనూ కుదరదు. మనకేమో కోడికూరలో గసగసాలు పడకపోతే అది కూరే కాదు. అమ్మ ప్రేమగా చేసిచ్చిన పొడి పట్టుకుని వెళ్లి, అక్కడ పోలీసుల ముందు నిలబడే గతి పట్టకూడదని, మళ్లీ ఇంటికి పంపి వాళ్లమ్మని అడిగి రమ్మనేవారు. మందుల సంగతీ అంతే. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు ఇక్కడ డాక్టరు మామూలుగా రాసిస్తారు గానీ ఎమిరేట్స్‌లో వాటి మీద గట్టి కట్టడి ఉంది. ఏ మందైనా చీటీతో సహా, దాని పెట్టెలోనే పట్టుకెళ్లాలి. విడి మాత్రలు ప్లాస్టిక్ కవర్లో పోసుకెళ్లొద్దు.

నా పనిముట్లతో నాకు వేరే బాధ. ఇన్సులేషన్ చూసే మెగ్గర్ అని ఒక పెట్టె ఉంటుంది, పాతకాలం దానికి పక్కన తిప్పే పిడి. ఎక్స్‌రేలో ఆ పెట్టె, అందులో వైర్లు, పక్కన పిడి. ప్రతి ఎయిర్‌పోర్టులోనూ నన్ను పక్కకి పిలిచేవారు. పిడి తిప్పి చూపించమనేవారు. పనిముట్లు కిందికి వెళ్లే పెట్టెలో, బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు మాత్రం చేతి సంచిలో. ఇప్పటికీ అదే రూలు.

*

అప్పట్లో మన ఊరి నుంచి బయటికి దారి అంటే రైలే. పెద్దవాళ్లు ఇంకా వాల్తేరు స్టేషన్ అనే అనేవారు. హౌరా వైపు నుంచి వచ్చిన బండి ఇక్కడ ఆగాక, ఇంజను ఆ చివర విప్పి ఈ చివర తగిలించేవారు. బండి వచ్చిన దారినే కొంతదూరం వెనక్కి వెళ్లి మద్రాసు వైపు తిరుగుతుంది. కొత్తవాళ్లు “మళ్లీ కలకత్తా పోతోందేటి?” అని కంగారుపడేవారు. ఆ ఇంజను మారే సమయం మాకు బాగా కలిసొచ్చేది. అమ్మ సింహాచలం కుంకుమ పొట్లం ఇచ్చేది, మా ఆవిడ పులిహోర పొట్లం, ఎదురింటి మామ్మ తన మనవడికి ఇవ్వమని ఉత్తరం. ఆ మనవడుండేది అబుదాబిలో, నేను వెళ్లేది సింగపూర్. చెప్పినా తీసుకునేది కాదు. “అదేటి నాయనా, అంతా ఫారినే కదా” అనేది.

రాత్రంతా రైలు, పగలంతా చెన్నైలో లాడ్జి, మళ్లీ అర్ధరాత్రి విమానం. దిగేసరికి మనిషి పిండి అయిపోయేవాడు. అమెరికా వీసా కావాలన్నా 2009లో హైదరాబాద్ కాన్సులేట్ వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా మనకి చెన్నైయే గతి. తర్వాత మన ఎయిర్‌పోర్టులో కొత్త టెర్మినల్ కట్టారు. సిల్క్ ఎయిర్ సింగపూర్‌కి నేరుగా వేశాక, మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి రాత్రికి ఎక్కడం ఎంత సుఖమో తెలిసింది. అయితే మన ఊరి నుంచి విదేశీ సర్వీసులు మొదలవుతుంటాయి, ఆగిపోతుంటాయి. చాలా ఊళ్లకి ఇప్పటికీ హైదరాబాదో, చెన్నైయో, ఢిల్లీయో వెళ్లి మారాల్సిందే.

ఇక్కడే డబ్బు మిగుల్చుకుందామని చాలామంది రెండు టికెట్లు విడివిడిగా కొంటారు. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి ఒకటి, అక్కడి నుంచి బయటికి ఇంకొకటి. మొదటిది మంచు వల్ల ఆలస్యమైతే రెండోది పోతుంది, ఎవడూ రూపాయి ఇవ్వడు. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే మనల్ని చేర్చే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొనక తప్పకపోతే ముందు రోజే వెళ్లి పడుకోండి. లాడ్జి అద్దె పోతే పోయింది.

*

తిరిగొచ్చిన రోజు సీను కూడా మరవలేను. ముందుగదిలో సూట్‌కేసు పెట్టి తెరుస్తుంటే చుట్టూ జనం. గొడ్డలి మార్కు తైలం సీసాలు, టైగర్ బామ్, టాంగ్ డబ్బా, నిడో డబ్బా, సెంటు సీసాలు, దుప్పటి. ఎవరికి ఏదో ముందే రాసిపెట్టుకున్న చీటీ మా ఆవిడ చేతిలో. సెంటు అందని మేనత్త ఏడాది మాట్లాడలేదు. అడగడానికి అందరూ వచ్చేవారు గానీ ఆ నెలంతా ఏం తిన్నావని అడిగేవారు తక్కువ. మనమూ చెప్పం. బాబాయి అనేవారు, “వచ్చినోడు సెంటు సీసా సూపిస్తాడు, జీతం చీటీ సూపించడు” అని.

సింగపూర్ ఆదివారాల్లో లిటిల్ ఇండియా వెళ్తే ఆ మాట అర్థమయ్యేది. సెరంగూన్ రోడ్డు పొడవునా మనవాళ్లు. శ్రీకాకుళం మాట, ఉద్దానం యాస వినపడితే కాలు ఆగిపోయేది. యార్డుల్లో పనిచేసే ఫిట్టర్లు, రిగ్గర్లు, వెల్డర్లు. గడ్డి మీద గుంపులుగా కూర్చుని, ఇంటికి డబ్బు పంపే క్యూలో నిలబడి, ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టుకుంటూ. నాకు కంపెనీ హోటల్ గది ఇచ్చేది. వాళ్లు డార్మిటరీలో ఒక్కో గదిలో పన్నెండేసి మంది ఉండేవారు. పనికి లారీ వెనక కూర్చుని వెళ్లేవారు. ఒకే విమానంలో ఒకే ఊరి నుంచి వెళ్లిన మా ఇద్దరిదీ ఒకే ‘ఫారిన్’ కాదు. ఇది నేనెక్కడా చెప్పుకోలేదు, వాళ్లూ చెప్పుకోలేదు.

వాళ్లలో చాలామంది ఏజెంటుకి కట్టిన అప్పు తీర్చడానికే మొదటి ఏడాది పనిచేసేవారు. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ పని వీసాకి మార్చేస్తాం అనే మాటకి ఎంతమంది పడిపోయారో. విజిట్ వీసా చేతిలో పెట్టుకుని పనికి వెళ్తున్నానన్న కుర్రాడికి బాబాయి టికెట్ రాయడం నేను చూడలేదు. “నీ డబ్బు నాకొద్దు నాయనా, కిందకెళ్లి టీ తాగి ఇంటికెల్లు” అనేవారు. కోపం వచ్చి పక్క వీధిలో కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. కొందరు నెలల తర్వాత ఆ మెట్లే ఎక్కి వచ్చేవారు, అవతల ఇరుక్కున్న తమ్ముణ్ని ఎలా రప్పించాలో అడగడానికి.

కాలం మారినా ఈ గొడవ మారలేదు. 2024లో కంబోడియా నుంచి మన విశాఖ కుర్రాళ్లు తిరిగొచ్చిన వార్త అందరం చదివాం. డేటా ఎంట్రీ ఉద్యోగం అని తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. కాబట్టి ఎవరైనా పని కోసం వెళ్తుంటే ఒక్కటే చెబుతాను. కేంద్ర ప్రభుత్వం ఇ-మైగ్రేట్ సైట్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల పేర్లుంటాయి, ముందు అక్కడ చూడండి. వాళ్లు తీసుకోదగ్గ ఫీజు మహా అయితే 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగాడంటే ఇంక మాట్లాడక్కర్లేదు. కాంట్రాక్టు కాగితం ఇక్కడే చేతికి రావాలి, అక్కడికెళ్లాక కాదు.

*

హుద్‌హుద్ తుపాను నాడు నేను హాంబర్గ్‌లో ఉన్నాను.

శనివారం రాత్రి ఫోన్ చేస్తే మా ఆవిడ మామూలుగానే మాట్లాడింది. “గాలే లేదండీ, ఒకటే ఉక్కపోత. కొవ్వొత్తులు తెచ్చాను, ట్యాంకు నింపాను. అత్తయ్యగారు మాత్రం ఇదే అసలు తుపాను లక్షణం అంటున్నారు” అంది. తెల్లారితే 2014 అక్టోబర్ 12, ఆదివారం. నేను లేచేసరికి అక్కడ మధ్యాహ్నం కావస్తోంది. ఫోన్ ఒకసారి మోగింది. ఎత్తినట్టే అనిపించింది. ఒక హోరు వినపడింది, లారీ ఇంజను పక్కన ఫోన్ పెట్టినట్టు. కట్టయిపోయింది. అంతే. తర్వాత ఎవరి నంబరు కొట్టినా లేదు. తమ్ముడిది లేదు, పక్కింటివాళ్లది లేదు, ఆఫీసుది లేదు. ఊరు మొత్తం లేదు.

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. హోటల్లో కూర్చోలేక రేవుకి నడిచాను. అక్కడ ఎల్బె నది కింద 1911లో కట్టిన సొరంగం ఉంది, నడిచి అవతలికి వెళ్లొచ్చు. తెల్ల పింగాణీ పలకల గోడలు. లోపల ఫోన్ పనిచేయదేమోనని సగంలో వెనక్కి వచ్చేశాను. హోటల్‌కొచ్చి నెట్‌లో చూస్తే మన ఎయిర్‌పోర్టు పైకప్పు ఊడి వేలాడుతున్న ఫొటో. గంటకి 180 కిలోమీటర్లకి అటూ ఇటూగా గాలి. మా ఇంటికి ముందు వసారా రేకులని గుర్తొచ్చింది. అమ్మ మంచం ఆ వసారాలోనే.

సోమవారం పనికి వెళ్లాను. వెళ్లక ఏం చేస్తాను. ఓడలో మెయిన్ స్విచ్‌బోర్డు విప్పి ఉంది. అక్కడి ఫోర్‌మన్ పెద్దాయన, మాటలు తక్కువ. నా మొహం చూసి విషయం అడిగాడు. చెప్పాను. చేతిలో స్పానర్ తీసేసుకుని, “ఇది 440 వోల్టులు, నీ బుర్ర ఇక్కడ లేదు, ఇవాళ నువ్వు డ్రాయింగులే చూడు” అన్నాడు. మధ్యాహ్నం తన డబ్బాలో సూపు సగం నా ముందు పెట్టాడు. బంగాళాదుంపల సూపు, ఉప్పు తక్కువ. ఆ మనిషి పేరు మర్చిపోయాను గానీ ఆ సూపు రుచి గుర్తుంది.

మంగళవారం తునిలో ఉండే మా బావమరిది దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. బండి మీద విశాఖ వెళ్లి, రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ మల్కాపురం చేరి, చూసి, ఫోన్ పనిచేసే చోటికి వెనక్కొచ్చి చేశాడు. “బావా, రేకులు లేవు, మామిడిచెట్టు లేదు, మనుషులున్నారు” అన్నాడు. అంతే అన్నాడు. మా అమ్మని ముందురోజు రాత్రే లోపలి గదిలోకి మార్చారట, తనే గోల చేసి మారిందట.

అందుకని, బయటికి వెళ్లేవాళ్లందరికీ గట్టిగా చెబుతాను. మీ హోటల్ నంబరు, అక్కడి ఆఫీసు నంబరు, టికెట్ కాపీ, పాస్‌పోర్టు కాపీ ఇంట్లో ఇవ్వడం సరే. వేరే ఊళ్లో ఉన్న ఒక మనిషికి కూడా ఇవ్వండి. అలాగే అవతల మీకు ఏదన్నా అయితే ఇక్కడ ఎవరు కదలాలో ముందే అనుకుని ఉండండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ధర కాదు, పాత జబ్బులకి వర్తిస్తుందో లేదో చూడండి. బీపీ, షుగరు ఉన్న అమ్మానాన్నల్ని పిల్లల దగ్గరికి పంపేవాళ్లు ఈ ఒక్క లైను చదవకుండా సంతకం పెడుతున్నారు. యూరప్‌లో షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ ఉండాలి.

*

చిన్నచిన్నవి కొన్ని. సింగపూర్, మలేసియా, థాయిలాండ్ దేశాలకి దిగేముందు ఆన్‌లైన్‌లో కార్డు నింపాలి. ఒకప్పుడు విమానంలో కాగితం ఇచ్చేవారు, పెన్ను ఎవరి దగ్గరా ఉండేది కాదు. ఇప్పటి ఆన్‌లైన్ కార్డు ఉచితం. డబ్బులడిగితే అది దొంగ సైటు. కార్డుతో బిల్లు కట్టేటప్పుడు “రూపాయల్లోనా, ఇక్కడి డబ్బులోనా” అని మెషిన్ అడిగితే ఇక్కడి డబ్బు అనే నొక్కండి. రూపాయలంటే సులువుగా కనిపిస్తుంది గానీ మారకం రేటు బాగా వడ్డిస్తారు. సింగపూర్, దుబాయ్, లండన్‌లలో ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మనది పట్టదు. హోటల్ గదిలో తాలింపు వేయొద్దు. పొగ అలారం మోగితే మొత్తం హోటల్‌ని రోడ్డు మీద నిలబెడతారు, నేను పైజామాతో నిలబడ్డాను, తాలింపు వేసింది మూడో అంతస్తులో ఇంకెవరో.

ఇవన్నీ నిన్న ఎదురింటి అబ్బాయికి చెప్పాను. ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తున్నాడు. బాబాయిలాగా కుర్చీ వేసి, టీ ఇప్పించి మరీ చెప్పాను. మొదటి చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుందని, అప్పుడు బెంగ వస్తుందని, వస్తే అది జబ్బేమీ కాదని, ఎవరితోనైనా మాట్లాడమని కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. వాళ్లమ్మ కూడా విని, నా మాట మీద పెట్టెలోంచి పచ్చడి సీసాలు తీసింది, దిండు తీసింది, అప్పడాల కట్ట తీసింది. మాడుగుల హల్వా ఉంచింది, అది నేనే ఉంచమన్నాను, వెళ్లిన వారంలో గదిలో స్నేహితులు దొరకాలంటే అదే దారి.

మూడు లీటర్ల కుక్కర్ దగ్గర మాత్రం ఆగిపోయింది. “అక్కడ దొరుకుతుందమ్మా” అన్నాను. “మీరు చెప్పినవన్నీ విన్నాను అన్నయ్యగారూ, దీని జోలికి మాత్రం రాకండి” అంది. లిమిట్ 23 కిలోలు. అబ్బాయి చేతి కాటాకి పెట్టె తగిలించి ఎత్తాడు. 22 కిలోల 800 గ్రాములు. ఇంకేం మాట్లాడతాను.